నీలం బకెట్‌కు బహిరంగ లేఖ

ఓ బకెట్టూ,

బాత్రూం మూల బోర్లించి ఉన్నావు కాబట్టి నువ్వు క్షేమమేనని తలుస్తాను. క్షేమం తప్పింది కృష్ణా నదికి. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలని నాకూ తెలుసు. కానీ నువ్వు చేసిన పని ఇంట్లో ఆగలేదు, బందరు కాలువ దాకా పోయింది. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందుగా ఒకటి తేల్చుకుందాం. తప్పు నీది. నేను విజయవాడ గవర్నరుపేటలో ఇరవై ఏళ్లుగా కాపురం ఉంటున్నవాణ్ణి. కరెంటు బిల్లు గడువు లోపలే కడతాను. కార్తీక మాసంలో ఉల్లిపాయ ముట్టను. అలాంటివాడు నదిని పాడుచేస్తాడంటే ఎవరైనా నమ్ముతారా?

నీకు మతిమరుపు నటించే అలవాటుంది కాబట్టి మొదటి నుంచి చెబుతాను. మా అమ్మాయికి మార్కులు బాగా వచ్చాయని అక్వేరియం కొన్నాం. వారం తిరిగేసరికి అద్దానికి పాచి పట్టింది. షాపాయన్ని అడిగితే చూపుడు వేలంత నల్లచారల చేపపిల్లను పాలిథిన్ కవర్లో వేసి, రబ్బరు బ్యాండు బిగించి ఇచ్చాడు. నలభై రూపాయలు. "సక్కర్ సార్. పాచి మొత్తం ఇదే తినేస్తుంది. మీరు చెయ్యి పెట్టక్కర్లేదు" అన్నాడు. చెయ్యి పెట్టక్కర్లేదన్న మాట చెవిన పడితే మా ఇంట్లో ఎవరూ బేరమాడరు.

నిజంగానే బుద్ధిమంతురాలు. బాత్రూం గోడకు అంటించిన సబ్బు పెట్టెలాగా అద్దానికి నోరు ఆనించి రోజంతా వేలాడేది. ఇంటికొచ్చిన చుట్టాలకు మా ఆవిడ దాన్నే ముందు చూపించేది. అయితే అది అమెజాన్ నది చేప అనీ, పెరిగితే అడుగున్నర దాకా వస్తుందనీ షాపాయన చెప్పలేదు, మేం అడగలేదు. మా తొట్టి పొడవు రెండడుగులు. మూడో ఏడాదికి దాని పరిస్థితి ఇరుకు సందులో ఇరుక్కున్న లారీ లాగా అయింది, ముందుకు పోయి తిరగడానికి లేదు, వెనక్కి రావాల్సిందే. ఒంటి నిండా ఎముక పెంకులు. రెక్కల ముందు ముల్లు తాటిమట్ట అంచులాగా గరగర. గోల్డ్ ఫిష్‌లు రెండూ ఆ హడావిడిలోనే పోయాయి.

ఇంట్లో పంచాయితీ పెట్టాం. చంపేద్దామా? అమ్మో, పాపం. షాపులో తిరిగి ఇచ్చేద్దామా? అక్కడ బండి పెట్టుకునే చోటు దొరకదు. ఎవరికైనా ఇద్దామా? అంత తొట్టి ఎవరింట్లో ఉంది? సరిగ్గా అప్పుడే నువ్వు బాత్రూం గడప దగ్గర ఖాళీగా, చాలా అమాయకంగా కనిపించావు.

కార్తీక పౌర్ణమి సాయంత్రం. కాలువ గట్టు మీద జనం. మా ఆవిడ అరటి దొప్పలో దీపం వదిలింది. పక్కనే నువ్వు. పిడి నా చేతిలో ఉన్న మాట నిజమే, కాదనను. వంగింది మాత్రం నువ్వు. చేప బుడుంగుమని మునిగింది. మా అమ్మాయి టాటా చెప్పింది. పక్కన ఒత్తులు వెలిగిస్తున్న ఒక ముసలావిడ "ఒక ప్రాణం నిలబెట్టావు నాయనా, పుణ్యం" అంది. ఆ పుణ్యం నా ఖాతాలో పడింది, అందులో నీకు వాటా లేదు. మిగతా లెక్క కోసమే ఈ ఉత్తరం.

మొన్న ఆదివారం జెల్లలు దొరుకుతాయేమోనని కృష్ణలంక వైపు రేవుకు వెళ్లాను. ఒకాయన విసురువల ఒళ్లో పరుచుకుని కూర్చున్నాడు. వలలో మన చేప. మనదే అనడం లేదు, దాని మనవడో మునిమనవడో. రెక్కల ముళ్లు విప్పార్చి బిగబట్టుకుని ఉంది. తల వైపు లాగితే రెక్క ముల్లు పట్టుకుంటోంది, తోక వైపు లాగితే వీపు ముల్లు పట్టుకుంటోంది. ఆయన ముందు పళ్లతో కొరికి చూశాడు. తర్వాత చొక్కా జేబులోంచి సగం బ్లేడు తీసి వల కళ్లు ఒక్కొక్కటే కోశాడు. పది పన్నెండు కళ్లు తెగాక అది ఊడి వచ్చింది. వలలో నా తల పట్టేంత చిల్లు.

"దెయ్యం చేప సార్ ఇది. తినేవాడు లేడు, కొనేవాడు లేడు. పొద్దున వేట, మధ్యాహ్నం వల కుట్టుకోవడం. అదీ మా పని" అని దాన్ని రాళ్ల మీదికి విసిరేశాడు. నేను టీ తాగి, కబుర్లు చెప్పి గంట తర్వాత చూసినా దాని నోరు ఆడుతూనే ఉంది. గాలి మింగి పొట్టతోనే ఊపిరి తీసుకోగల జాతి అది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినా దానికి టెన్షన్ లేదు. ఎండాకాలం కాలువలు కట్టేసి అడుగున బురద గుంటలు మిగిలినా అది తట్టుకుంటుంది. శీలావతి పిల్లకు ఆ సౌకర్యం లేదు.

"ఎవడు వదిలాడో గానీ, వాడి చేతులు..." అని ఆయన ఏదో అనబోయాడు. నేను గబుక్కున "ఈ బకెట్లండీ, అంతా ఈ బకెట్లే" అన్నాను. ఆయన నా వైపు అదోలా చూశాడు.

ఆ రోజు నుంచి నీ మీద కోపం పెరుగుతూనే ఉంది. పాచి తినడం మంచిదే కదా అని నువ్వు వాదించవచ్చు. అద్దం మీద పాచి అంటే మనకు మురికి. నదిలో అదే అన్నం. నత్తలు, నీటి పురుగులు, ఎన్నో చేపల పిల్లలు దాని మీదే బతుకుతాయి. ఈ దెయ్యం చేప ఆ విస్తరి మొత్తం గీకేస్తుంది. గీకేటప్పుడు అడుగున అంటుకున్న వేరే చేపల గుడ్లు కూడా లోపలికి పోతాయి. తన గుడ్ల విషయంలో మాత్రం మహా జాగ్రత్త. మగది మట్టి గట్టులో మీటరు లోతు దాకా సొరంగం తవ్వి, గుడ్లు పెట్టించి, వాకిట్లో కాపలా కూర్చుంటుంది. కృష్ణా డెల్టా అంటేనే మట్టి గట్ల మధ్య కాలువలు. ఎలుక బొరియలతోనే వేగలేకపోతుంటే పైన ఇదొకటి.

మెక్సికోలో ఇన్‌ఫియెర్నియో అనే పెద్ద జలాశయం ఉంది. అక్కడి జాలర్లు తిలాపియా పట్టుకుని బతికేవాళ్లు. ఈ చేప వచ్చాక వలల్లో తిలాపియా పోయి ఇవే నిండాయి. ఆ తిలాపియా అయినా ఆ ఊరిదా అంటే, అదీ ఆఫ్రికా నుంచి ఇంకో బకెట్ తెచ్చిందే. ఇంతకీ అమెజాన్ పక్కన ఉండేవాళ్లు ఈ చేపను పెంకుతో సహా నిప్పుల మీద కాల్చి ఇష్టంగా తింటారు. దేన్నయినా పులుసు పెట్టగల విజయవాడ ఒక్క దీని దగ్గర చేతులెత్తేసింది.

నీ ఒక్కదాన్నే అంటే అన్యాయం అవుతుంది, మీ వంశమే అంత. దోమల్ని తింటుందని 1928లో గంబూసియా అనే చిన్న చేపను మన దేశానికి తెచ్చారు. సొంతూరు అమెరికా. ఇప్పటికీ మన రాష్ట్రంలో చెరువుల్లో, గుంటల్లో లక్షల్లో వదులుతారు. అది దోమ పిల్లల్నీ తింటుంది, కప్ప పిల్లల్నీ తింటుంది, మన చేపల గుడ్లనూ తింటుంది. డెంగీ దోమేమో మన కూలర్లో, మేడ మీది కొబ్బరి చిప్పలో గుడ్లు పెడుతుంది. అక్కడికి గంబూసియా రాదు, నువ్వూ వెళ్లవు. తిలాపియా 1952లో వచ్చింది, 1959 నాటికే ఇక చాలు, వదలొద్దన్నారు. ఎవరు విన్నారు? ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను 2000లోనే నిషేధించారు. కోడి వ్యర్థాలు మేసి బలిసిన దాన్ని పట్టుకున్నారని ఇప్పటికీ వార్తలు వస్తూనే ఉన్నాయి.

మన చేపలు మాత్రం పత్తిత్తులేం కాదు. ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్, ప్రపంచంలో పరాయి చోట చొరబడి చెడగొట్టే వంద జీవుల జాబితా తయారుచేసింది. గంబూసియా, తిలాపియా, మనం బంగారు తీగ అని ముద్దుగా పిలిచేది కూడా అందులో ఉన్నాయి. వాటితో పాటు మన మార్పు అనే మీసాల చేపకు దాయాది ఒకటి ఉంది. 1960ల్లో థాయిలాండ్ నుంచి ఫ్లోరిడాకు తీసుకెళ్తే తప్పించుకుని, వాన రాత్రుళ్లు నేల మీద పాకుతూ ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి మకాం మార్చింది. అక్కడి చేపల రైతులు చెరువుల చుట్టూ కంచె కట్టుకున్నారు. ఆ ఊళ్లో అదే దెయ్యం చేప. దాన్ని మోసుకెళ్లిన బకెట్ ఏ రంగుదో ఎవరూ రాసి పెట్టలేదు.

సాక్షులు లేరని ధీమా పడకు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లు చెరువులో నీళ్లు తీసుకెళ్లి, చేప ఒంటి నుంచి ఆ నీళ్లలో రాలిన డీఎన్ఏను బట్టి అందులో దెయ్యం చేప ఉందో లేదో చెప్పేస్తున్నారు. వల వెయ్యక్కర్లేదు, చేపను చూడక్కర్లేదు. తూర్పు కనుమల నీళ్లలో చాలాచోట్ల జాడ దొరికింది. వేలిముద్రలు తుడుచుకున్నా లాభం లేదు.

పోనీ వరదల మీదికి నెడతావా? 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారింది, బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. చెరువేదో కాలువేదో తెలియలేదు. అప్పుడు ఏ చేప ఎటు పోయిందో ఆ కనకదుర్గమ్మకే తెలియాలి. నిజమే. కానీ వరద ఉన్న చేపనే మోసుకుపోతుంది. అమెజాన్ నుంచి గవర్నరుపేట దాకా వరద రాదు.

కాబట్టి వారం లోపల సంజాయిషీ ఇచ్చుకో. ఇవ్వకపోతే నిన్ను పాత సామాన్లవాడికి వేసేస్తానని మా ఆవిడతో కూడా చెప్పాను. "దాన్నెందుకు వేస్తారు, పిడి పట్టుకున్నదెవరో?" అని పప్పు తాలింపు పెడుతూనే అడిగింది. ఆవిడకు చేపల శాస్త్రం తెలియదు.

ఇది రాస్తుండగానే ఎదురు ఫ్లాటాయన తలుపు కొట్టాడు. వాళ్లబ్బాయి పెంచుతున్న ఎర్రచెవుల తాబేలు పళ్లెమంత అయిందట, తొట్టిలో పట్టడం లేదట. పొద్దున్నే కాలువ దాకా వెళ్లాలి, మీ నీలం బకెట్ ఒకసారి ఇస్తారా అన్నాడు. నీ అడుగున చిల్లు పడిందని అబద్ధం చెప్పాను.

"పర్లేదు లెండి" అన్నాడు. "క్యారీ బ్యాగులో తీసుకెళ్తా."

ఇట్లు,
నీ యజమాని