వెన్న గారికి ఒక విన్నపము

మహారాజశ్రీ వెన్న గారి దివ్యసముఖమునకు, పలాస నుండి ఒక అమ్మమ్మ వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి. తమరు ఫ్రిజ్ పై అరలో చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మా వంటలు తమరు లేకుండానే సాగుతున్నాయి. ఈ ఉత్తరం ఆ విషయమై వ్రాస్తున్నదే.

మా మనవడికి పాలు పడవు. అరగక కడుపు ఉబ్బరించే లాక్టోజ్ బాధ కాదు, పాలలోని ప్రోటీన్ వలన ఒళ్లంతా దద్దుర్లు లేచే ఎలర్జీ. ఈ సంగతి పూసగుచ్చినట్లు చెప్పినా, కిందటి సంక్రాంతికి ఒక బేకరీ కుర్రవాడు "పాలు చుక్క కూడా వెయ్యమమ్మా, అంతా అసలైన వెన్నే" అని గర్వంగా కప్‌కేక్ అందించాడు. పిల్లవాడు కొరకబోతుండగా ఆ మాటలో రెండవ సగం నా చెవిన పడింది. పాలతో తమరికి ఏ చుట్టరికమూ లేదని లోకాన్ని ఇంతగా నమ్మించగలిగారంటే, అది సామాన్యమైన పలుకుబడి కాదు.

ప్యాకెట్ బిస్కెట్ల వైపు తిరిగాను. పాలు ఉంటే ఉన్నాయని విడిగా చెప్పాలని 2020 నాటి లేబుల్ నిబంధనలు అంటున్నాయి కనుక సరిపోయింది గాని, లేకుంటే పదార్థాల పట్టికలో వే పొడి, కేసినేట్ అనే పాల ప్రోటీన్ల మారుపేర్లతో నక్కిన తమ బంధువర్గాన్ని కళ్లజోడు పెట్టుకున్నా పోల్చుకోలేను.

చివరికి ఇంట్లోనే మొదలుపెట్టి, తమరి కొలువులో కొబ్బరినూనెను నియమించాను. తిత్లీ తుపాను 2018లో ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చిన తరువాత కూడా మా అన్నయ్య గారి తోటలో నిలిచిన నాలుగు చెట్ల కాయలవి. వాటి మీద నాకు గురి ఎక్కువ. అయినా మొదటి రోజే పరువు పోయింది. తమరిలో నూటికి దాదాపు 80 పాళ్లు కొవ్వు, మిగిలినదానిలో ఎక్కువ భాగం నీరు. కొబ్బరినూనె అంతా కొవ్వే. అది తెలియక కొలతకు కొలత పోశాను. పైగా ఆ నూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మే నెలలో మా వంటగది తెల్లవారుజామున కూడా ఆ అంకెకు దిగదు. ట్రేలో వరుసగా పెట్టిన పన్నెండు బిస్కెట్లు ఓవెన్‌లో ఒకదాని మీద ఒకటి వాలిపోయి, ఒకే అట్టుగా బయటికి వచ్చాయి. మా వారు దానిని దిబ్బరొట్టె అనుకొని ఆవకాయ అడిగారు.

ఇప్పుడు 100 గ్రాముల చోడిపిండికి, అంటే రాగిపిండికి, 100 గ్రాముల గోధుమపిండి, అంతే బెల్లం పొడి, 80 గ్రాముల నూనె, అర చెంచా బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు వేసి, తమరు తెచ్చే నీటికి బదులుగా రెండు చెంచాల కొబ్బరిపాలతో ముద్ద చేసి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, చిన్న బిళ్లలుగా ఒత్తి, 170 డిగ్రీల వద్ద పన్నెండు నిమిషాలు కాలుస్తున్నాను. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారితే గట్టిపడతాయి. ఈ రహస్యం తెలియక ఒకసారి మరో పది నిమిషాలు ఉంచితే, పిల్లవాడు వాటితో గోడకు మేకు కొట్టవచ్చునన్నాడు. పైన పూసే క్రీముకు నాలుగు గంటలు నానిన జీడిపప్పును రుబ్బుతాను. జీడిగుండ్లు తమరి వంటి గొప్పవారి సరసన ఉండదగినవి. రుబ్బడానికి నాకు జీడినూక చాలు.

తమరి వాసన వీటికి రాదని ఒప్పుకుంటాను. వేయించిన కొబ్బరితురుము వాసన వస్తుంది. ఏనాడూ తమరి గడప తొక్కని మా నువ్వుల చిమ్మిలి ఇప్పుడు పట్నంలో వీగన్ (జంతువుల నుండి వచ్చేదేదీ లేనిది) అనే పేరు తగిలించుకొని మూడింతల ధరకు అమ్ముడుపోతున్నదట. అది వేరే ఉత్తరానికి సరిపడే విషయం.

తమరిని వెళ్లగొడుతున్నామని అనుకోవద్దు. మా వారు బ్రెడ్డు మీద తమరిని వదలరు కనుక పై అర తమరిదే. కాని తమరి చెంచాకు ఎర్ర దారం కట్టాను. అది బిస్కెట్ల డబ్బా ఉన్న గూటి వైపు రాకూడదు.

ఇట్లు,
చోడిపిండి చేతులతో,
ఒక అమ్మమ్మ