ఊడ్పుల్లో ఏడో తరగతి

పిల్లల్ని పొలానికి తీసుకొచ్చే ప్రతి బడి దగ్గరా ఒక కాగితం ఉంటుంది. అందులో అన్నీ అరగంటలే. 9.30 వరి ఊడ్పు, 10.00 జీవామృతం తయారీ, 10.30 విత్తన బంతులు, 11.15 బస్సు ఎక్కడం, 12.00 కోరంగి మడ అడవి, 1.30 భోజనాలు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి ఓ పది రోజులు సంచీ లేని బడి ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. సంచీ వద్దంది గానీ టైంటేబులు వద్దనలేదు. అందుకని సంచీ ఇంట్లో పెట్టి టైంటేబులు పట్టుకొస్తారు.

కాకినాడ దగ్గర తాళ్లరేవు వైపు ఒక పొలం అనుకోండి. జులైలో ఓ శనివారం. ఏడో తరగతి పిల్లలు 45 మంది, వెనకాల సైన్సు మేడం, లెక్కల సారు, డ్రిల్లు సారు. డ్రిల్లు సారు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. ఈ తెలుపు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పిల్లల కోసం రైతు 2 సెంట్లు విడిగా అట్టేపెట్టాడు. లెక్కల సారు గట్టు మీదే లెక్క తేల్చేశాడు. 2 సెంట్లంటే సుమారు 80 చదరపు మీటర్లు. ఖరీఫ్‌లో చదరపు మీటరుకి 33 కుదుళ్లు (రెండు మూడు మొక్కలు కలిపి నాటితే ఒక కుదురు) చొప్పున 2,640. మనిషికి 58 చిల్లర. "కుదురుకి అర నిమిషం వేసుకున్నా అరగంటలో అయిపోతుందండీ" అన్నాడు. ఆ లెక్కలో తప్పేం లేదు. బురద లేదంతే.

బురదకి దాని లెక్క దానికుంది. గోదావరి డెల్టా నల్లమట్టిని నీళ్లు పెట్టి దున్ని దమ్ము చేశాక ఒకటి రెండు రోజులు పేరుకోనివ్వాలి. అప్పుడే అడుగు గట్టిపడి మొక్క నిలబడుతుంది. ఇక్కడేమైందంటే, పిల్లలొస్తున్నారు కదా, బురద తాజాగా ఉంటే బావుంటుందని ముందురోజు సాయంత్రమే దమ్ము కొట్టించారు. వడ్డించే ముందే పకోడీ వేయించినట్టు. పకోడీకైతే సరే, ఈ బురద మాత్రం ఇంకా మజ్జిగ పులుసులా ఉంది. పైగా మడి బోసిగా కనబడకూడదని నీళ్లు జానెడు పెట్టారు. ఊడ్చేటప్పుడు ఉండాల్సింది రెండు మూడు సెంటీమీటర్ల పల్చటి నీళ్లు. జానెడు నీళ్లలో నాటిన మొక్కకి బెండు ముక్కకి తేడా ఉండదు.

చెప్పులు గట్టు మీద విడవమంటే అందరూ విడిచారు, ఒక్కడు తప్ప. వాడికి ఇంట్లో మోకాళ్ల దాకా వచ్చే కొత్త రబ్బరు బూట్లు కొనిపెట్టారు. మూడో అడుగులో కాలు బయటికొచ్చింది, బూటు లోపలే ఉండిపోయింది. నిటారుగా లాగితే బూటు కింద గాలి లేక బురద జలగలా పీల్చి పట్టుకుంటుంది. మడమ పక్కకి వంచి, అంచు నుంచి కాస్త గాలి చొరనిస్తే దానంతటదే వదులుతుంది. వట్టి కాలికైతే ఈ బాధ లేదు, వేళ్లు ముడిస్తే చాలు. ఈ శాస్త్రమంతా మేడం చెప్పేలోపు వాడు రెండోదీ పోగొట్టుకున్నాడు. ఒకటి దొరికింది. రెండోది బహుశా కోతల్లో దొరుకుతుంది.

ఊడ్పు నేర్పడానికి పొలంలో పెద్దమ్మ ఒకావిడ ఉంది. నలభై ఏళ్లుగా వంగిన నడుం, ఇంకా మాటలో తడబాటు లేదు. ఆకుకట్ట ఎడంచేతిలో పెట్టుకుని చూపించింది. "రెండు మూడు మొక్కలు తియ్యండి బాబూ. బొటనవేలూ ఈ రెండు వేళ్లూ కలిపి మొక్క వేరు దగ్గర పట్టుకోండి. తిన్నగా దింపండి, రెండు వేళ్ల మందం చాలు. మెలి తిప్పి గుచ్చితే వేరు పైకి తిరిగిపోద్ది, అది తేరుకునేటప్పటికి పక్కోటి పిలకేసేస్తది."

విన్నారు. విని, ఒక్కొక్కరూ ఒక్కో గుప్పెడు దించారు. కొందరికి ఒకే మొక్క నాటడం ముచ్చటనిపించింది, దానికి పేరు కూడా పెట్టుకున్నారు. అసలు చిక్కు వేరే ఉంది. ఊడ్పు వెనక్కి నడుస్తూ చేసే పని. బడిలో ఏడేళ్లుగా "ముందుకి చూసి నడవరా" అని చెప్పించుకున్న పిల్లలకి వెనక్కి నడవడం రాదు. ముందుకే నడిచారు. నాటిన మొక్క మీద తమ కాలే పడింది. ఆ కాలిగుంటలో మళ్లీ ఇంకో మొక్క పెట్టారు. కాలిగుంటలో పెట్టిన మొక్క నిలవదు, కింద మట్టి ఉండదు, నీళ్లే ఉంటాయి. పదింటికి చూస్తే నాటినవాటిలో సగం తేలుతూ, గాలి ఎటు తోస్తే అటు ఒక మూలకి చేరాయి. ఆ మూల మాత్రం చాలా ఒత్తుగా, పచ్చగా, ఫోటోకి బావుంది. ఫోటో అక్కడే తీశారు.

ప్రతి 2 మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని తాడు కట్టి పెట్టారు. గాలీ వెలుతురూ ఆడితే వరి రసం పీల్చే సుడిదోమ ఉధృతి తగ్గుతుంది, మందు కొట్టేవాడికీ దారి ఉంటుంది. పేరు కాలిబాట అనేసరికి పిల్లలు దాని మీద వరసగా నిలబడి అటూ ఇటూ నడవడం మొదలెట్టారు. పాపం ఆ మడిలో ఎవరూ మొక్క తొక్కని చోటు అదొక్కటే.

ఒక పిల్ల అడిగింది, "పెద్దమ్మా, ఇదేం రకం?" "డెబ్బై ఇరవై తొమ్మిదమ్మా." పక్కనున్నవాడు అది రైలు నంబరనుకున్నాడు. ఎం.టి.యు. 7029, మార్టేరు పరిశోధనా కేంద్రం రకం, కాగితాల మీద పేరు స్వర్ణ. ఐదు నెలల పంట. "అంటే మళ్లీ ఎప్పుడు రావాలి?" "కార్తీకంలో రండి, కోతకొస్తది." టైంటేబుల్లో కార్తీకం లేదు.

అంతలో జలగ. ఒకడి పిక్క మీద, చిన్నదే, అగ్గిపుల్లంత. 45 మందిని మడిలోకి దించడానికి పావుగంట పట్టింది. బయటికి రావడానికి ఇరవై సెకన్లు పట్టలేదు, వచ్చేదారిలో మొక్కలేమయ్యాయో అడక్కండి. డ్రిల్లు సారు ఉప్పు తెమ్మన్నాడు. ఉప్పు వేస్తే జలగ ఊడుతుంది, ఊడుతూ లోపలిది గాటులోకి కక్కుతుంది. అది మంచిది కాదు. చర్మాన్ని కొంచెం బిగలాగి, సన్నగా ఉన్న కొస దగ్గర గోటితో పక్కకి తోస్తే చాలు. పెద్దమ్మ మాట్లాడుతూనే తోసేసి నీళ్లలో పడేసింది. రక్తం కాసేపు ఆగదు, జలగ ఎంగిలికి రక్తం గడ్డకట్టదు మరి. సబ్బుతో కడిగి గుడ్డ అదిమి పెట్టుకుని ఆ కుర్రాడు మిగతా రోజంతా హీరో అయి తిరిగాడు. జలగ పట్టనివాళ్లు కొంచెం చిన్నబుచ్చుకున్నారు కూడా.

ఇక కాళ్లు కడుక్కోవడం. తొంభై కాళ్లు, ఒక బోరు గొట్టం. కరెంటుకీ అప్పుడే పోవాలనిపించింది. మోకాళ్ల కింద నల్లమట్టి ఎండి మేజోళ్లలా అయ్యాక కరెంటొచ్చింది. కాగితంలో ఈ అంశానికి కేటాయించిన సమయం సున్నా, పట్టినది యాభై నిమిషాలు. బడులవాళ్లకి మేం చెప్పే మాట ఒకటే: ఊడ్పుకి అరగంట పెట్టుకుంటే కడుగుడికి గంట పెట్టుకోండి, ముందే నాలుగు తొట్లు నీళ్లు నింపించండి.

పదకొండింటికి జీవామృతం, అంటే పేడా గోమూత్రం కలిపి మాగబెట్టి పొలానికిచ్చే ద్రవ ఎరువు. ఎకరానికి సరిపడే కొలత అందరికీ కంఠతా వచ్చిందే. నీళ్లు 200 లీటర్లు, ఆవుపేడ 10 కిలోలు, గోమూత్రం 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, శనగపిండి 2 కిలోలు, గట్టు మీది మట్టి గుప్పెడు. పిల్లలు ముందే 200 లీటర్ల డ్రమ్ములో 200 లీటర్ల నీళ్లు పోశారు. తర్వాత పేడ వేస్తే అంత మేరా నీళ్లు అంచు దాటి మేడం కాళ్ల మీదికొచ్చాయి. లెక్కల సారు ఆర్కిమెడీసు పేరెత్తి పిల్లల్ని ఆకట్టుకోబోయాడు గానీ, గోమూత్రం క్యాను మూత తీశాక ఆ దరిదాపుల్లో పిల్లలెవరూ లేరు. డ్రమ్ముకి పై జానెడు ఖాళీ ఉంచుకోవాలి, లేకపోతే కర్రతో కలపడానికీ చోటుండదు, పొంగడానికీ చోటుండదు.

బెల్లం దంచే పని వెనక బెంచీవాళ్లకి అప్పగించారు. 2 కిలోలు వెళ్లింది, డ్రమ్ముకి చేరింది కిలోంబావు. మిగతాది ఎక్కడని అడిగితే నోరు తెరిచి జవాబు చెప్పగలవాడు ఒక్కడూ లేకపోయాడు.

కలిపినది నీడలో రెండు రోజులు మాగాలి, పొద్దునా సాయంత్రం కర్రతో ఒకే వైపుకి తిప్పాలి. పిల్లలు రెండు రోజులు ఉండరు కాబట్టి గురువారమే ఒక డ్రమ్ము కలిపి ఉంచారు. దాని మీద గోనెపట్టా కప్పాలి. పాలేరు కుర్రాడికి మాత్రం వచ్చేవాళ్లు పట్నం పిల్లలు, వాసనకి ముక్కు మూసుకుంటారేమోనని మొహమాటం వేసింది. పట్టా తీసేసి, ఇనప రింగున్న మూత పెట్టి గట్టిగా బిగించాడు. లోపల బెల్లమూ శనగపిండీ తిని సూక్ష్మజీవులు రెండు రోజులూ గాలి వదులుతూనే ఉన్నాయి. మూత ఉబ్బి పూరీలా ఉంది.

"తియ్యండి సార్" అన్నాడు కుర్రాడు వినయంగా.

డ్రిల్లు సారు రింగు వదులు చేశాడు. చప్పుడు కొబ్బరితోట దాకా వినపడింది. ఆయన తెల్ల చొక్కా మీద, తెల్ల ప్యాంటు మీద, కనుబొమల మీద ఎకరానికి సరిపడే పోషకాలు. పిల్లలు చప్పట్లు కొట్టారు, అది కార్యక్రమంలో భాగమనుకుని. ఆయన ఏమీ అనలేదు. నోరు తెరవడం అప్పుడు మంచిది కాదని ఆయనకి తెలుసు.

మట్టి ఉండలో విత్తనం పెట్టి ఖాళీ నేల మీద విసిరే విత్తన బంతులకి మిగిలింది పదిహేను నిమిషాలు. ఎర్రమట్టి 5 పాళ్లు, చివికిన ఎరువు 3 పాళ్లు, విత్తనం 1 పాలు. నీళ్లు చిలకరించుకుంటూ కలపాలి. వీళ్లు చెంబుడు ఒకేసారి పోశారు, లడ్డూ కావాల్సింది దోసెపిండి అయింది. బడి నుంచి తెచ్చిన వేపగింజలు పోయినేడాదివి. వేపగింజ కొద్దివారాలు దాటితే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది, ఏడాదైతే పూసలదండకే పనికొస్తుంది. విత్తనం చాలక వంటవాడి దగ్గర పెసలు అడిగి కలిపారు. బంతుల్ని నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టాలని చెబుతుండగానే బస్సు హారను కొట్టింది. పచ్చి బంతుల్నే పాలిథిన్ సంచిలో మూటకట్టారు.

కోరంగి చేరేసరికి పన్నెండున్నర. సైన్సు మేడం ముఖంలో మొదటిసారి ధీమా కనిపించింది. ఎందుకంటే ఈ భాగం ఆవిడ స్వయంగా సిద్ధం చేసింది. సరిగ్గా కిందటి శనివారం, సరిగ్గా పన్నెండింటికి వచ్చి చెక్కబాట మీద నడిచి అన్నీ చూసుకుని వెళ్లింది. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు నిలబడ్డ తెల్లమడ శ్వాసవేళ్లు, బురద మీద గెంతే చేపలు, ఒంటిచేతి ఎర్ర పీతలు. ప్రశ్నపత్రం కూడా అచ్చు వేయించింది: "ఒక చదరపు మీటరులో ఎన్ని శ్వాసవేళ్లు ఉన్నాయో లెక్కించుము."

చెక్కబాట కింద నీళ్లు. అంతా నీళ్లే. వేళ్లు లేవు, చేపలు లేవు, పీతలు లేవు. చెట్లు మెడ దాకా స్నానం చేస్తున్నట్టున్నాయి.

"పోటు మీదుందండీ ఆయ్," అన్నాడు అక్కడి గైడు.

"పోయినవారం ఇదే టైముకి లేదే?"

"పోయినవారం తిథి వేరు కదండీ."

పోటు రోజుకి సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది, చంద్రుడి వెంబడి. వారం తిరిగేసరికి దాదాపు ఆరు గంటలు. ఆటుకీ పోటుకీ మధ్య ఉండేదీ ఇంచుమించు ఆరు గంటలే. అంటే ఒక శనివారం పన్నెండింటికి నీళ్లు పూర్తిగా తీసి ఉంటే, మరుసటి శనివారం అదే పన్నెండింటికి పూర్తిగా నిండి ఉంటాయి. చూసి వచ్చిన గంటకి సరిగ్గా వెళ్లాలనుకుంటే వారం కాదు, పక్షం ఆగాలి. పౌర్ణమికి చూస్తే అమావాస్యకి రావాలి. వేటకి వెళ్లేవాడు క్యాలెండర్లో వారం చూడడు, తిథి చూస్తాడు. పంచాంగం మూఢనమ్మకమని ఆరో పాఠం చెప్పి వచ్చిన మేడం, లెక్కల సారు ఫోనులో తిథి వెతికింది. అష్టమి. మళ్లీ వేళ్లు తేలేది సాయంత్రం ఆరింటికట. అప్పటికి బస్సు బడిలో ఉండాలి.

"పోనీ ఆకు నాకి చూడండి పిల్లలూ, మడాకు ఉప్పు కక్కుతుంది" అంది ఆవిడ, ఓటమి ఒప్పుకోకుండా. గైడు గబగబా ముందుకొచ్చాడు. తెల్లమడ పక్కనే తిల్ల అనే చెట్టు ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, నోట్లోకీ మంచిది కాదు. కాబట్టి తను చూపించిన చెట్టు దగ్గరే, కోయకుండా, వేలితో ఆకుని రాసి నాలిక మీద పెట్టుకోమన్నాడు. 45 మంది వరసగా వేళ్లు నాకారు.

"చప్పగా ఉంది టీచర్."

రాత్రి వాన పడింది. ఉప్పంతా కడుక్కుపోయింది.

"నా వేలు ఉప్పగా ఉంది టీచర్," అన్నాడు ఒంటిబూటు కుర్రాడు. వాడు బోరు దగ్గర చేతులు కడుక్కోలేదు. మేడం ఇంకేమీ అడగలేదు. ప్రశ్నపత్రంలో శ్వాసవేళ్ల దగ్గర అందరూ సున్నా వేశారు, అదే సరైన జవాబు.

విత్తన బంతుల మూట అభయారణ్యంలో విసరకూడదని గైడు ఆపాడు. దారి పొడుగునా అవతలివాళ్ల వరిచేలూ చేపల చెరువులే. మూట తిరిగి బడికే వెళ్లి స్టాఫ్‌రూం బీరువాలో, హాజరుపట్టీల పక్కన పడింది. సోమవారం పొద్దున బీరువా తెరిస్తే సంచి చిట్లి ఉంది. వేపగింజలు దేనికదే నిద్రపోతున్నాయి. పెసలు మాత్రం ఒక్కటి కూడా పొల్లు పోకుండా, ఏడో తరగతి హాజరుపట్టీ మీదికి తెల్లటి వేళ్లు పెట్టుకుని, అంగుళం లేచి నిలబడ్డాయి.