బేస్ రాకపోతే సౌండు పెంచాలా?

కావలి నుంచి ఒకటి, కందుకూరు నుంచి ఒకటి, ఒంగోలు నుంచి మూడు. వారంలో ఒకే మెసేజ్ ఐదుసార్లు. "పాటను బట్టి క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ ఎంచుకునే రహస్యాలు, పదిమందికి పంపండి" అట. ఆ రహస్యాలివి: మాస్ పాటలకి 50 ఎంఎం డ్రైవర్ (కప్పులో శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్), మెలొడీకి 40. ఓమ్‌లు (కరెంటుకి హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు) ఎక్కువైతే క్వాలిటీ ఎక్కువ. కచేరీలకి క్లోజ్డ్ బ్యాక్, అంటే కప్పు వెనక మూసి ఉండేది, పనికిరాదు. కొత్తవాటిని వంద గంటలు మోగించాలి. బేస్ చాలకపోతే ఫుల్ వాల్యూమ్‌లో వారం వినాలి, చెవే అలవాటు పడుతుంది. జాక్‌కి బంగారు పూత ఉండాలి.

బంగారు పూత తుప్పు పట్టదు. అంతకుమించి పాటకి చేసేదేమీ లేదు.

డ్రైవర్ సైజు సంగతి. 45 ఎంఎం ఉన్న ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్‌లో బేస్ కాస్త ఎక్కువే పోశారు. 50 ఎంఎం ఏకేజీ కె371లో అడుగు బేస్ దిగుతుంది గానీ గొంతు మీద పడదు. చూడాల్సింది సైజు కాదు, ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత ఎత్తారన్నది (హెర్ట్జ్ తక్కువైతే బేస్, ఎక్కువైతే కీచు). పెళ్ళి డీజే దెబ్బ 50-80 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అక్కడ ఎత్తితే మాస్ పాటకి మంచిదే. అదే ఎత్తు 200 దాకా పాకిందా, ఇళయరాజా బేస్ గిటార్ నడక ముద్దయిపోతుంది, మన నెల్లూరు బాలు గొంతుకి దుప్పటి కప్పినట్టుంటుంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోలో 8 కిలోహెర్ట్జ్ చుట్టూ పదును ఎక్కువ, 'స', 'శ' గుచ్చుకుంటాయి. 1950ల పాటలు వినేవాళ్ళకి ఆ పదును పాటకంటే ముందు టేపు బుసని వినిపిస్తుంది. ఆ రికార్డుల్లో లోతు బేస్ ఎలాగూ లేదు, లేనిదాని కోసం డబ్బు పెట్టకండి.

ఓమ్‌లంటారా, ఆ డీటీ 770 ప్రోనే 32, 80, 250 ఓమ్‌లలో అమ్ముతారు. 250ది ఫోన్‌కి తగిలిస్తే గొణుగుతుంది. ఫోన్‌లో వినేవాళ్ళకి 32 చాలు.

కచేరీ విషయంలో మెసేజ్‌ది సగం నిజం. వయొలిన్ ఒక పక్కన, మృదంగం ఒక పక్కన విడివిడిగా కూర్చున్నట్టు ఓపెన్ బ్యాక్‌లోనే, అంటే కప్పు వెనక తెరిచి ఉండేదాంట్లోనే, బాగా తెలుస్తుంది. కానీ రోహిణీ కార్తెలో నెల్లూరులో ఫ్యాన్ ఆపి కచేరీ వినే మహానుభావుడెవరో చూపించండి. ఐదులో తిరిగే ఫ్యాన్ కింద ఓపెన్ బ్యాక్ పెట్టుకుంటే తంబూరా ఏది, రెక్కల హోరు ఏది?

వంద గంటల మాటా ఒక రకంగా ఒప్పుకోవాలి. మారేది డ్రైవర్ కాదు, ప్యాడ్. కొత్త స్పాంజి బిరుసుగా ఉంటుంది, కొన్నాళ్ళకి తలకి తగ్గట్టు అణిగి బాగా అతుక్కుంటుంది, బేస్ నిజంగానే మెరుగవుతుంది. అయితే హెడ్‌ఫోన్స్‌ని బల్లమీద పెట్టి రాత్రంతా మోగిస్తే అణగదు, తలకి పెట్టుకుంటేనే.

వాల్యూమ్ ముక్క మాత్రం గమ్మున వదిలేది కాదు. క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ నిలవాలంటే ప్యాడ్ చెవి చుట్టూ సందు లేకుండా అతుక్కోవాలి. కళ్ళజోడు కాడ, జుట్టు, చెమటకి పొరలూడిన ప్యాడ్, వీటిలో ఏదైనా సన్న సందు ఇస్తే చాలు, 100 హెర్ట్జ్ కిందది కారిపోతుంది. అప్పుడు సౌండు పెంచితే డప్పు తిరిగి రాదు. గొంతు, నాదస్వరం, చెవికి సూటిగా తగిలే 3 కిలోహెర్ట్జ్ ప్రాంతం, అవే అరుస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో చెవికి ముప్పు లేకుండా వినగలిగేది 80 డెసిబెల్స్ సౌండుకి వారానికి 40 గంటలు. పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైము సగం. 83కి 20, 86కి 10, 89కి 5. 95 అయితే గంటంపావు, వారం మొత్తానికి! చెవి అలవాటు పడుతుందట. పడుతుంది నాయనా, నాలుక కాలినోడికి చేపల పులుసు కారం తెలియనట్టు. మొదట దెబ్బతినేది 4 కిలోహెర్ట్జ్ దగ్గర. తర్వాత ఫోన్‌లో అవతలివాళ్ళు 'సరే' అన్నారో 'అరే' అన్నారో తేలదు. పోయిన ఆ వినికిడి మళ్ళీ రాదు. ఇది పదిమందికి పంపాల్సిన రహస్యమా?

చేయాల్సింది ఇది. డప్పు ఉన్న పాట పెట్టి రెండు కప్పుల్నీ అరచేతులతో మెత్తగా నొక్కండి. బేస్ లేచిందంటే సందున్నట్టే. కళ్ళజోడు తీసి మళ్ళీ నొక్కండి. అప్పుడూ లేస్తే ప్యాడ్లు మార్చండి, మన ఉక్కకి అవి ఎక్కువకాలం ఆగవు. ఇంకా కావాలంటే ఈక్వలైజర్‌లో 60 హెర్ట్జ్ దగ్గర 3, 4 డెసిబెల్స్ పెంచి, ప్రీయాంప్‌ని (అందులోనే ఉండే మొత్తం సౌండు మీటని) అంతే తగ్గించండి. తగ్గించకపోతే దెబ్బ పడ్డప్పుడల్లా శబ్దం చిట్లుతుంది.

మెసేజ్ చివర చిన్నక్షరాల్లో ఒక వాక్యం ఉంది: "కొనేముందు మీ పాటతో విని చూడండి." రాసినోడికి దండం, ఇదొక్కటే పంపి ఉండొచ్చు. షాపులో పెట్టే డెమో పాట వద్దనండి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు దాంతోనే వినండి, పది నిమిషాలు తియ్యకుండా. కణతల నొప్పి అప్పుడే బయటపడుతుంది.