కొండ మీద చిక్కుకున్నవాళ్లకి బిల్లు వేయొచ్చా?

2021 ఫిబ్రవరి. బ్రిటన్‌లో లాక్‌డౌన్ నడుస్తోంది. ఇంగ్లాండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఇద్దరు మనుషులు నిబంధనలు పక్కనపెట్టి టెంట్ వేసుకున్నారు. రాత్రివేళ వాళ్లలో ఒకరికి ఛాతీలో నొప్పి మొదలైంది. సాయం కోసం ఫోన్ చేశారు. చీకట్లో వాళ్ల కోసం ఎక్కుతున్న పర్వత రక్షణ బృందం సభ్యుడొకరు కాలు జారి సుమారు 150 మీటర్లు కిందికి పడిపోయారు. ఆ దెబ్బలతో ఆయన మళ్లీ నడవలేని స్థితికి చేరారు. ఆయన అది జీతం కోసం చేస్తున్న పని కాదు. చుట్టుపక్కల ఉండే మామూలు మనుషులు కలిసి నడుపుకునే బృందం అది.

ఆ వార్త చదివిన చాలామందికి ఒళ్లు మండింది. ఇంత బాధ్యత లేనివాళ్ల కోసం ఇంకొకరు ప్రాణం మీదికి తెచ్చుకోవాలా, అయిన ఖర్చంతా వాళ్ల దగ్గరే వసూలు చేయాలి అన్నారు. కొండల్లో పెద్ద ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఏదో ఒక దేశంలో ఈ మాట లేస్తూనే ఉంటుంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయినా ప్రాణాలతో బయటపడ్డవాళ్ల చేతిలో బిల్లు పెట్టడం తప్పు అన్నది నా గట్టి అభిప్రాయం. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మనం ఉచితం అనుకుంటున్న ఈ సేవకి డబ్బు, సమయం, ఒంట్లో ఓపిక ధారపోస్తున్నవాళ్లు కొండ కింద ఊళ్లలో ఉన్నారు. ఆ భారం సంగతి తేల్చకుండా వాళ్లని వీరులని పొగిడి వదిలేయడం కూడా అంతే తప్పు.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఇంగ్లాండ్, వేల్స్‌లలో కొండల్లో తప్పిపోయినవాళ్లని వెతికించే బాధ్యత పోలీసులది. అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి ముందు పోలీసులని అడగాలి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. పోలీసులు ఆ ప్రాంతపు బృందానికి కబురు పెడతారు. అక్కడి నుంచి కొండ మీద పనంతా వాలంటీర్లదే. ఆ రోజు బాధ్యత చూస్తున్న సభ్యుడు మొదట బాధితుడికే ఫోన్ చేస్తాడు. ఎంతమంది ఉన్నారు, చుట్టూ ఏం కనబడుతోంది, ఒంటి మీద ఏ బట్టలున్నాయి, ఫోన్‌లో చార్జింగ్ ఎంత ఉంది అని అడుగుతాడు. ఎస్ఎంఎస్‌లో ఒక లింక్ పంపుతాడు. దాన్ని నొక్కితే మనిషి ఎక్కడున్నాడో మ్యాప్ మీద తెలుస్తుంది. దారి తప్పినవాళ్లలో కొందరిని ఫోన్‌లోనే దారి చెప్పి దింపేస్తారు.

దెబ్బ తగిలితే మాత్రం మనుషులు వెళ్లాల్సిందే. మందుల సంచితో ఇద్దరు ముగ్గురు ముందు పరుగున ఎక్కుతారు, స్ట్రెచర్, తాళ్లు మోసుకుంటూ మిగతావాళ్లు వెనక వస్తారు. కాలు విరిగిన ఒక మనిషిని రాళ్ల దారిలో మోసుకుని దిగాలంటే ఒకేసారి ఆరుగురో ఎనిమిది మందో స్ట్రెచర్ పట్టుకోవాలి. కొద్దిసేపటికోసారి చేతులు మారాలి. దూరం ఎక్కువైతే ఇరవై మంది దాకా కావాలి. హెలికాప్టర్ ఉంది కదా అంటారు. మబ్బు కొండని కప్పేసిన రోజున హెలికాప్టర్ చాలాసార్లు దగ్గరికి కూడా రాలేదు, ప్రమాదాలేమో అలాంటి రోజుల్లో కూడా జరుగుతాయి.

ఇక చలి. ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల నుంచి 35 కంటే కిందికి దిగితే హైపోథర్మియా అంటారు. 32 దగ్గరికి వచ్చేసరికి వణుకు కూడా ఆగిపోతుంది. చూసేవాళ్లకి మనిషి కుదుటపడ్డట్టు అనిపిస్తుంది, నిజానికి అప్పుడే ప్రాణం మీదికి వస్తోంది. కాలు విరిగి కదలకుండా పడుకున్నవాడి ఒళ్లు నడిచేవాడి కంటే చాలా త్వరగా చల్లబడుతుంది.

బిల్లు సంగతి దీనితో ముడిపడి ఉంది. మధ్యాహ్నం నాలుగింటికి చీలమండ మెలిక పడిన మనిషిని ఊహించండి. ఆ నిమిషాన ఫోన్ చేస్తే వెలుతురు ఉండగానే దింపేయొచ్చు. బిల్లు ఎంతవుతుందో అన్న టెన్షన్ ఉంటే కుంటుకుంటూ ఇంకాస్త దూరం పోదామనుకుంటాడు. చీకటి పడుతుంది, దారి తప్పుతాడు, బ్యాటరీ అయిపోతుంది. రాత్రి పదింటికి కబురు వెళ్లేసరికి మెలిక పడిన చీలమండ కాస్తా చీకట్లో గాలింపు అయి కూర్చుంటుంది. ఆ ఆలస్యంలో ప్రతి గంటా బాధితుడితో పాటు వాలంటీర్ల నెత్తిన కూడా పడుతుంది. అమెరికాలో 1959లో ఏర్పడిన రక్షణ బృందాల సంఘం మౌంటెన్ రెస్క్యూ అసోసియేషన్ చార్జీలను వ్యతిరేకించడానికి చెప్పే ముఖ్యమైన కారణం కూడా ఈ ఆలస్యమే. కొండల మీద అందరికంటే ఎక్కువ రిస్క్ తీసుకునేవాళ్లే డబ్బు అడగొద్దంటున్నప్పుడు మిగతావాళ్లు ఆ మాట వినాలి.

నిర్లక్ష్యంగా ఉన్నవాళ్లకే బిల్లు వేద్దాం అనేవాళ్లున్నారు. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో అలాంటి చట్టం ఉంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ నిర్లక్ష్యం అని తేల్చడానికి సాక్ష్యం ఎక్కడి నుంచి వస్తుంది? గాయపడినవాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని వైద్యం చేసిన మనిషి దగ్గర నుంచి. ఎన్నింటికి బయల్దేరావు, ఏం తిన్నావు, మందు తాగావా, ఏవైనా మాత్రలు వేసుకున్నావా అన్నవి ప్రాణం నిలపడానికి అడిగే ప్రశ్నలు. వాటికి చెప్పే జవాబు రేపు బిల్లుగా మారుతుందని తెలిస్తే ఎవరైనా అబద్ధం చెప్తారు. అబద్ధం విని చేసే వైద్యం ఎంత ప్రమాదమో డాక్టర్లని అడగండి.

స్విట్జర్లాండ్ సంగతి వేరు అనొచ్చు. అక్కడ రేగా అనే సంస్థ 1966 నుంచి ప్రజల సభ్యత్వ చందాలతో హెలికాప్టర్ సేవలు నడుపుతోంది. ఇన్సూరెన్స్, సభ్యత్వం అందరికీ అలవాటైన చోట చార్జీల పద్ధతి నడుస్తుంది, ఒప్పుకుంటాను. తన ఇన్సూరెన్స్ పనికొస్తుందో లేదో తెలియని మనిషి మాత్రం అక్కడ కూడా ఫోన్ చేయడానికి వెనకాడతాడు.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ టాట్రా పర్వతాలది. ఒకటే పర్వతశ్రేణి, మధ్యలో సరిహద్దు. స్లొవేకియా వైపు 2006 నుంచి రక్షణ ఖర్చు బాధితుడే కట్టుకోవాలి. పోలండ్ వైపు ఉచితం. అక్కడి బృందం టోపర్ 1909లో పుట్టింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో స్వరకర్త మియెచిస్వావ్ కర్వోవిచ్ మంచుచరియల కింద చనిపోవడం ఆ బృందం ఏర్పాటుకి తోడైంది. మరుసటి ఏడాదే ఆ బృందంలోని పేరున్న గైడ్ క్లిమెక్ బాఖ్లెదా ఒకరిని కాపాడబోయి ప్రాణం వదిలాడు. ఈరోజు పోలండ్‌లో కొండ ప్రాంతాల జాతీయ పార్కుల ప్రవేశ టికెట్ల ఆదాయంలో 15 శాతం రక్షణ బృందాలకి వెళ్తుంది. కొండ ఎక్కడానికి వచ్చే ప్రతివాళ్లూ తలా కాస్త వేస్తారు. కింద పడినవాడిని విడిగా ఏమీ అడగరు. డబ్బు తీసుకోవాల్సిన చోటు టికెట్ కౌంటర్, స్ట్రెచర్ కాదు.

బ్రిటన్‌లో ఇలాంటి ఏర్పాటు లేదు. బృందాలు ఎక్కువగా విరాళాల మీదే బతుకుతున్నాయి. డిబ్బీలు పట్టుకుని నిలబడటం, ఊళ్లో పరుగు పందేలు పెట్టి డబ్బు కూడబెట్టడం కూడా వాలంటీర్ల పనే అయింది. రాత్రంతా కొండ మీద ఉండి వచ్చినవాళ్లు ఆదివారం సూపర్ మార్కెట్ బయట డిబ్బీ పట్టుకుని నిలబడటం నాకు బాధగా ఉంటుంది. డబ్బుతో కొలవలేనిది ఇంకా ఉంది. ఫోన్ మోగగానే తరగతి వదిలి వెళ్లే టీచర్ ఉంటే, ఆ తరగతిని సర్దుకునే సహోద్యోగి ఉంటారు. వర్క్‌షాప్ మూసి వెళ్లే మెకానిక్ ఉంటే, పిల్లలని పడుకోబెట్టి తెల్లారేదాకా మేలుకుని ఉండే భార్య ఉంటుంది. బృందం జాబితాలో వాళ్ల పేర్లుండవు. వాళ్లు లేకపోతే బృందమూ ఉండదు. జర్మనీలోని బవేరియాలో దీనికి చట్టపరంగా ఒక దారి చూపారు. అక్కడ రక్షణ పిలుపు వస్తే ఉద్యోగి పని వదిలి వెళ్లొచ్చు, ఆ గంటల జీతం యజమానికి ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. మిగతా దేశాలు ఎందుకు చేయకూడదు?

ఇదంతా జీతాలిచ్చి ప్రభుత్వమే నడపొచ్చు కదా అని అడగొచ్చు. విల్సన్ హే కథ గుర్తొచ్చినప్పుడల్లా నేను ఆ ఆలోచన దగ్గర ఆగిపోతాను. ఆయన మాంచెస్టర్ సర్జన్, పర్వతారోహకుడు. 1928లో ఇంగ్లాండ్‌లోని లాడో రాక్స్ అనే కొండచరియల దగ్గర దెబ్బతిన్న ఒక యువకుడిని దారి చూపే చెక్క బోర్డుతో చేసిన స్ట్రెచర్ మీద, నొప్పికి మందు లేకుండా గంటల తరబడి మోసుకొచ్చారు. అతని కాలు తీసేయాల్సి వచ్చింది. ప్రమాదం కంటే ఆ మోతే ఎక్కువ హాని చేసిందని హే నమ్మారు. కొండల దగ్గరి రక్షణ కేంద్రాల్లో గట్టి నొప్పి మందు మార్ఫిన్ ఉంచనివ్వమని ప్రభుత్వాన్ని అడిగితే ఒప్పుకోలేదు. ఆయన సొంతంగానే సరఫరా చేశారు. ఎవరికి ఇచ్చారో లెక్క చెప్పనందుకు 1949లో కోర్టు 10 పౌండ్ల జరిమానా వేసింది. ఆ కేసు తర్వాతే ప్రభుత్వం దిగివచ్చి మార్ఫిన్‌కి అనుమతి ఇచ్చింది. ఈరోజుకీ బ్రిటన్‌లో డాక్టర్లు కాని పర్వత రక్షకులు శిక్షణ తీసుకుని గట్టి నొప్పి మందులు ఇవ్వగలుగుతున్నారు. నొప్పితో అరిచే మనిషిని భుజాన మోసినవాళ్లకి తెలిసినది ఆఫీసులో ఫైలు చూసేవాళ్లకి తెలియదు. డబ్బు ప్రభుత్వం ఇవ్వాలి, పని ఎలా చేయాలో మాత్రం ఆ ఊరివాళ్ల చేతిలోనే ఉండాలి.

ఆ దగ్గరతనమే వాళ్లని కుంగదీస్తుంది కూడా. ఈ బృందాలు కొండలెక్కేవాళ్ల కోసమే పనిచేస్తాయనుకుంటాం. కానీ వీళ్లు మతిమరుపుతో ఇల్లు వదిలి వెళ్లిపోయిన పెద్దవాళ్లని వెతుకుతారు, బతకాలని లేక కొండ వైపు వెళ్లినవాళ్లని వెతుకుతారు. 2009 నవంబరులో ఇంగ్లాండ్‌లోని కంబ్రియా ప్రాంతంలో కాకర్‌మత్ పట్టణం మునిగినప్పుడు జనాన్ని ఇళ్లలోంచి బయటికి తెచ్చినవాళ్లలో వీళ్లున్నారు. చిన్న ఊళ్లో పొద్దున మోసుకొచ్చిన శవం నిన్న దుకాణంలో పలకరించిన మనిషిది కావచ్చు. సాయంత్రం వాళ్ల ఇంటి ముందు నుంచే నడిచి వెళ్లాలి. 1988 డిసెంబరు 21న స్కాట్లాండ్‌లోని లాకర్‌బీ పట్టణం మీద విమానం పేలి 270 మంది చనిపోయినప్పుడు పర్వత రక్షణ బృందాలు, వాళ్ల కుక్కలు రోజుల తరబడి పొలాల్లో, అడవుల్లో మృతదేహాల కోసం వెతికాయి. అలాంటివి చూసినవాళ్లు అందరిలాగే సోమవారం పనికి వెళ్లిపోతారు. కాళ్లకి మంచి బూట్లు ఎంత అవసరమో, చూసినదాన్ని కూర్చుని చెప్పుకునే చోటు, వినే నిపుణులు వాళ్లకి అంతే అవసరం. ఆ ఖర్చు కూడా విరాళాల మీద వదిలేయకూడదు.

మళ్లీ ఆ ఫిబ్రవరి రాత్రికి వస్తాను. ఆ ఇద్దరూ అక్కడ టెంట్ వేసుకోవడం తప్పు. దానికి పోలీసులు జరిమానా వేశారు, సరిపోయింది. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు ఫోన్ చేయడం మాత్రం వాళ్లు ఆ రాత్రి చేసిన సరైన పని. నాకు మిగిలిన ప్రశ్న పడిపోయిన ఆ మనిషి గురించి. జనం జాలిపడి విరాళాలు కురిపించారు కాబట్టి ఆయనకి సాయం అందింది. వార్తల్లోకి రాని వాలంటీర్ మోకాలు రేపు ఏ చిన్న కొండ మీదో విరిగితే, ఆరు నెలలు పనికి వెళ్లలేకపోతే, ఇంటి అద్దె ఎవరు కడతారు? అగ్నిమాపక ఉద్యోగికి అదే దెబ్బ తగిలితే వచ్చే పరిహారం, పెన్షన్ ఈ వాలంటీర్‌కి కూడా చట్టం ప్రకారం రావాలి.