చి. మిట్టూ జన్మదిన మహోత్సవం

మా వీధి వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక కార్డు వచ్చింది. చుట్టూ బెలూన్లు, కింద తెలుగులోనూ ఒడియాలోనూ అక్షరాలు: ‘చి. మిట్టూ ఆరవ జన్మదినం. సకుటుంబ సపరివారంగా విచ్చేసి ఆశీర్వదించ ప్రార్థన.’ మాస్టారికి మనవడెప్పుడు పుట్టాడా అని కాసేపు లెక్క వేసుకున్నాను. ఫొటో పెద్దది చేసి చూస్తే ముక్కు ఎర్రగా, వంకీ తిరిగి ఉంది. మాస్టారి వంశంలో అందరివీ చప్పిడి ముక్కులు. అప్పుడర్థమైంది, అది చిలక.

ఇంకో చిన్న సంగతి. మగ రామచిలుకకు మూడో ఏడు వచ్చేసరికి మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగుల్లో కంటె ఏర్పడుతుంది. మిట్టూకి ఆరేళ్లొచ్చినా మెడ బోసిగానే ఉంది. అంటే కార్డు మీద ‘చి.ల.సౌ.’ అని వేయించాలి. మాస్టారికి ఈ మాట చెప్పే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు. ఆయన మాకందరికీ ఎనిమిదో తరగతిలో తెలుగు చెప్పారు, బెత్తంతో సహా.

మాది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. నోటి మాటే రాతలోకి రావాలని ఆయన జీవితమంతా పోట్లాడారు. 1936లో ఊరిని ఒడిశాలో కలిపితే మనసు విరిగి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇవాళ మాస్టారి అరుగు మీద జరిగేది చూస్తే ఇంకోసారి వెళ్లిపోయేవారు. ఎందుకంటే మాస్టారు మిట్టూకి నేర్పేది గ్రాంథికం. ‘ఆర్యులారా, దయచేయుడు’. రోజుకు వందసార్లు, మూడేళ్లు. పలుకు తేటపడాలని వసకొమ్ము అరగదీసి తేనెలో కలిపి దాని నాలిక్కి రాశారు. చిలక పలుకు పుట్టేది నాలుక మీద కాదు, ఊపిరి గొట్టం అడుగున, అది రెండుగా చీలే చోట. అక్కడ తేనె రాయడం కుదరదు. ‘వసపిట్ట అనే మాట భాషలో ఊరికే వచ్చిందట్రా?’ అని మాస్టారు నన్నే నిలదీశారు.

మూడేళ్ల విద్యాభ్యాసం ఫలితం, వాళ్ల చిన్నమ్మాయి పెళ్లిచూపుల రోజున నేను కళ్లారా చూశాను. టెక్కలి నుంచి అబ్బాయి తల్లీ తండ్రీ, మేనమామ, ఇద్దరు పిన్నులు వచ్చారు. వీధి తరఫున మేం నలుగురం. మాస్టారు అందర్నీ తిన్నగా పంజరం దగ్గరికి తీసుకెళ్లారు. అమ్మాయిని ఇంకా ఎవరూ చూడలేదు. ‘అను నాన్నా, ఆర్యులారా...’ అన్నారు. మిట్టూ ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో తల గోక్కుంది. మేనమామ ఉత్సాహవంతుడు. ‘అదేం పలుకుతుందండీ, రామా అనాలి’ అంటూ ముందుకొచ్చి మొదలుపెట్టాడు. పిన్నులు అందుకున్నారు. మొగమాటానికి మేమూ అందుకున్నాం. పెద్దమనుషులందరం పంజరానికి ముక్కులు ఆనించి ‘రామా, రామా’ అంటుంటే, చిలక తల వాల్చి శ్రద్ధగా వింటోంది. ఎవరు ఎవరికి మాటలు నేర్పుతున్నారో దారిన పోయేవాడికి తెలిసే అవకాశం లేదు. పావుగంటకి మేనమామ గొంతు పోయింది. ఉప్మా చల్లారింది. లోపల పిల్ల పట్టుచీరలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. అప్పుడు మిట్టూ గొంతు సవరించుకుంది. మాస్టారు కళ్లు మూసుకుని చేతులు జోడించారు. అచ్చం మా పాలవాడిలాగే ఒకసారి దగ్గి, వాడి గొంతుతోనే, ‘ఖీరో!’ అని పొలికేక పెట్టింది.

ఒడియాలో పాలని ఖీర అంటారు. రోజూ తెల్లవారుజామున వాడు అలాగే అరుస్తాడు. వంటింట్లోంచి అమ్మగారు గిన్నె పట్టుకుని పరుగున వచ్చి, తల కూడా ఎత్తకుండా, ‘ఈ వేళప్పుడొచ్చేవేటి బాబూ, అర లీటరు చాలు’ అంటూ పెళ్లికొడుకు తండ్రి ముందు గిన్నె చాపారు.

ఆ సంబంధం కుదరలేదు. జాతకాలు కలవలేదని మాస్టారు అంటారు.

ఇక చిరంజీవి భోజనం. పొద్దున్నే టీలో ముంచిన బిస్కెట్. తొమ్మిదింటికి పాలన్నం. మధ్యాహ్నం పఖాల, అంటే మన చద్దన్నమే, ఉప్పు వేసి. సాయంత్రం మురీ మిక్చర్, అంటే మరమరాలే. పాలలో ఉండే చక్కెరని అరిగించుకునే ఏర్పాటు పక్షి కడుపులో లేదు. అది తల్లి పాలు తాగి పెరిగిన జీవి కాదు కదా. ఉప్పు ఎక్కువైనా, టీ, చాక్లెట్ లాంటివి పడినా దానికి విషమే. ఒక్క పచ్చిమిరపకాయతో మాత్రం గొడవ లేదు, ఆ మంట పక్షి నోటికి తెలియదు. ‘జామకాయ, మొలకలు, ఆకుకూర పెట్టండి మాస్టారూ’ అన్నానొకసారి. నొచ్చుకున్నారు. ‘మేం తినేదే పెడతాంరా. మా ఇంట్లో తేడా చూపించం’ అన్నారు. తేడా చూపించరు. టీ ఎవరికైనా టీయే.

చట్టం సంగతి కూడా విన్నవించాను. ఏప్రిల్ 1 మనకు ఉత్కళ దివస్. 2023లో సరిగ్గా ఆ రోజునే, సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. రామచిలుక రెండో షెడ్యూలులో ఉంది. పట్టినా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మాస్టారు శాంతంగా విన్నారు. ‘అది అడవి చిలకలకురా. మాది ఇంటి చిలక’ అన్నారు. శ్రీరామనవమికి ఆ పంజరం ముందే కూర్చుని రామదాసు కీర్తనలు పాడతారు. పూర్వజన్మలో చిలకను పంజరంలో బంధించిన పాపానికే రామదాసు గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని చెప్పే కథ ఆయనకు తెలీదా? మాకు చెప్పిందే ఆయన.

పుట్టినరోజట! దాని పుట్టినరోజు మాస్టారికెలా తెలుసు? అది సంతలో కొన్న రోజు. ఆ రోజు సంచీ మోసింది నేనే కాబట్టి నాకు తెలుసు. ఫిబ్రవరి నెల, చెట్టు తొర్రల్లో చిలకలు పిల్లల్ని చేసే కాలం. గోనెపట్టా కింద ఒక చెప్పుల అట్టపెట్టె. అందులో ఈకలైనా సరిగా రాని పిల్లలు ఏడు, ఒకదాని మీద ఒకటి. రెండు కదలడం లేదు. అమ్మేవాడు ఆ రెంటినీ వేలితో పక్కకు నెట్టి, అన్నిటికన్నా గట్టిగా అరుస్తున్నదాన్ని తీసి మాస్టారి చేతిలో పెట్టాడు. నేను నోరు మూసుకుని సంచీ పట్టుకున్నాను. ఆ రెంటికీ ఏ తారీకున కేకు కోస్తారు? తొర్రకి తిరిగొచ్చి చూసుకున్న తల్లికి ఏ కార్డు పంపిస్తారు?

ఆరేళ్లలో అది ఎగిరింది ఒక్కసారి, పంజరం కడుగుతుంటే, సోఫా దాకా. మర్నాడే కుట్టుమిషన్ కత్తెరతో రెక్కలు కత్తిరించారు. అప్పటి నుంచీ వచ్చినవాళ్లందరికీ తలుపు తీసి మరీ చూపిస్తారు: ‘చూశారా, తీసినా పోదు. మేమంటే అంత ప్రేమ.’ రెక్కలు కోసి ప్రేమ అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి! మాస్టారైనా సరే, ఈ మాట అంటాను. ఈ మధ్య అది రొమ్ము మీది ఈకలు తనే పీక్కుంటోంది. వేడి చేసిందని సబ్జా నీళ్లు పట్టారు. సాయంత్రం మహేంద్రతనయ నది వైపు చిలకల గుంపు అరుచుకుంటూ వెళ్తుంది. అప్పుడు మాత్రం మిట్టూ ‘ఖీరో’ అనదు. ఊచలు పట్టుకుని, గుంపు కనుమరుగయ్యేదాకా వాటి భాషలోనే అరుస్తుంది. టీవీ వినబడటం లేదని మాస్టారు పంజరం మీద తువ్వాలు కప్పుతారు.

ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫంక్షను. చాక్లెట్ కేకట, బరంపురం నుంచి తెప్పిస్తున్నారు, మొదటి ముక్క మిట్టూకేనట. నేను వెళ్తున్నాను. ముందు వరసలో కూర్చుంటాను. నాకు షుగరుంది. అయినా ఆ ముక్క పంజరం దాకా పోకుండా మాస్టారి చేతిలోంచి లాక్కుని నేనే తినేస్తాను. టెక్కలి వాళ్లు కూడా వస్తున్నారట; చూస్తే చూడనీ.