డెడ్‌లైన్ ఒక్కటే తేడా కాదు
ఆఫీసులో డెడ్‌లైన్ తరుముతుంది, సరదాగా రాసుకునే ప్రోగ్రామ్‌కి ఆ బాధ లేదు, అందుకే హాయిగా ఉంటుందని ప్రోగ్రామింగ్ మీద ఒక వ్యాసంలో అన్నారు. నాకైతే అది సగమే నిజం అనిపిస్తోంది. తిరుపతిలో ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి పని చేస్తాను. మామిడి సీజన్‌లో నాన్న దామలచెరువు మండీ నుంచి తెచ్చే చీటీల లెక్కకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఓ చిన్న ప్రోగ్రామ్ రాశాను. తూకం, కమీషన్, హమాలీ, బండి బాడుగ. దానికీ డెడ్‌లైన్ ఉంది, "ఏరా, లెక్క తేలిందా?" అని రాత్రి భోజనం దగ్గరే మొదలవుతుంది. (మా మేనేజరే నయం.) అయినా విసుగు రాలేదు. ఒకరోజు మొత్తంలో పైసల వెనక తోక పెరిగింది. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, దశాంశాలను కంప్యూటర్ బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే దాచుకోవడం వల్ల. ఆఫీసులో అయితే రౌండ్ చేసి టికెట్ (ఆ పనికి పెట్టిన ఫిర్యాదు నమోదు) మూసేసేవాణ్ణి. ఇక్కడ ఎందుకలా అని తవ్వుకుంటూ కూర్చున్నా, చివరికి రూపాయలన్నీ పైసల్లోకి మార్చి, పూర్ణాంకాలతో మొదటి నుంచి మళ్లీ రాశా. పాతది ఎందుకు పారేశావని అడిగేవాళ్లు లేరు. ఆఫీసులో రెండు లైన్లు మార్చాలన్నా రివ్యూ, టెస్టింగ్, అనుమతి. అవి అక్కర్లేదనను, అవతల ఉండేది జనం డబ్బు. కానీ పని మధ్యలో పక్కదారి పట్టే వీలు అక్కడ ఉండదు. అసలు పైథాన్ కూడా 1989 డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల్లో గైడో వాన్ రోసమ్ కాలక్షేపానికి మొదలుపెట్టిందే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ గురించి చెప్పినప్పుడూ హాబీ అనే అన్నాడు. ఇప్పుడు మా ఆఫీసు పని సగం ఆ రెండింటి మీదే నడుస్తోంది, టికెట్లతో సహా.