బడి గంట కొట్టాక పిల్లల బాధ్యత ఎవరిది?

ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకు బడి వేళలూ పని వేళలూ కలవవు. బడి తెరవకముందే ఇంట్లోంచి బయల్దేరాలి, బడి వదిలిన రెండు మూడు గంటలకు గానీ తిరిగి రాలేరు. ఆ మధ్య సమయాన్ని పక్కింటివాళ్ల మంచితనంతోనో, అమ్మమ్మ ఓపికతోనో, పెద్దపిల్ల చేతికిచ్చిన తాళంచెవితోనో ఎలాగోలా నెట్టుకొస్తున్నారు. అదీ కుదరనప్పుడు ఉద్యోగం మానేసేది ఎక్కువగా తల్లే.

పసిపిల్లలకు క్రెష్ కావాలంటే ఎవరూ కాదనరు. పిల్లలు బడిలో చేరగానే మాత్రం ఇక సమస్య తీరిపోయినట్టే మాట్లాడతారు, నిజానికి అప్పుడే కొత్త టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే సాయంత్రం దాకా చూసుకునే క్రెష్ పోయి మధ్యలోనే వదిలేసే బడి వస్తుంది, దానికి తోడు సెలవులు, ఒంటిపూట బడులు. ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడిక 18వ అధికరణం, పనిచేసే తల్లిదండ్రుల పిల్లలకు సంరక్షణ సేవలు అందేలా చూడాలని ప్రభుత్వాలకు చెబుతోంది. ఆ ఒడంబడిక దృష్టిలో 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే.

బడికి ముందూ తర్వాతా పిల్లల్ని చూసుకునే పని చేసేవాళ్ల గురించి ఎవరూ పట్టించుకోరు. పొద్దున ఒక గంట, సాయంత్రం మూడు గంటలు పని, మధ్యాహ్నమంతా ఖాళీ, సెలవులొస్తే మాత్రం రోజంతా పిల్లలు. ముక్కలు ముక్కలైన ఈ పనితో ఎవరికీ జీతం గిట్టదు, వాళ్లకు గిట్టేంత ఫీజు పెడితే తల్లిదండ్రులు కట్టలేరు. ప్రభుత్వం డబ్బు పెట్టాలని మేము గట్టిగా అనేది అందుకే.

బాధ్యత మాత్రం చిన్నది కాదు. గేటు దగ్గర పిల్లాడు కనిపించకపోతే మొదట ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరొచ్చి అడిగితే పంపాలి, ఏ మందు పడదు, ఇవన్నీ ముందే రాసుకుని ఉండాలి. ఆరేళ్ల పాపను చెయ్యి పట్టుకుని నడిపించాలి, పదకొండేళ్ల పిల్లాడికి అలా పట్టుకుంటే నామోషీ, వాణ్ని కొంచెం దూరం నుంచి కనిపెట్టాలి. అలసిపోయి వచ్చిన పిల్లలకు ముందు తినడానికి ఏదైనా కావాలి, కాసేపు ఆట కావాలి, హోంవర్క్ సంగతి ఆ తర్వాత. చదువు పేరుతో ఇంకో రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టడాన్ని మేము సంరక్షణ అనలేం.

చేసి చూపిస్తున్న దేశాలున్నాయి. స్వీడన్‌లో ఉద్యోగమో చదువో ఉన్న తల్లిదండ్రుల పిల్లలకు 13 ఏళ్లు వచ్చే సంవత్సరం వసంతకాలపు టర్మ్ దాకా బడికి ముందూ తర్వాతా, సెలవుల్లోనూ చోటు ఇవ్వడం స్థానిక ప్రభుత్వాల బాధ్యత. జర్మనీ 2021లో చట్టం చేసింది, దాని ప్రకారం 2026 ఆగస్టు నుంచి ఒకటో తరగతి పిల్లలకు వారంలో ఐదు రోజులు, బడి సమయంతో కలిపి రోజుకు 8 గంటల సంరక్షణ హక్కు, ఆపైన ఏడాదికో తరగతి చొప్పున నాలుగో తరగతి దాకా.

భవనాలు కొత్తగా కట్టనక్కర్లేదు, సాయంత్రానికి తాళం పడే బడి గదులే చాలు. ఈ పనిని ఇప్పుడున్న టీచర్ల నెత్తిన పెట్టకూడదు, వాళ్లకు ఉన్నదే ఎక్కువ. ప్రథమ చికిత్సలో శిక్షణ ఉండి, నేర చరిత్ర లేదని తనిఖీ చేసినవాళ్లను ప్రత్యేకంగా పెట్టుకోవాలి, సెలవుల్లోనూ జీతం ఇవ్వాలి. అన్ని తరగతులకూ ఒకేసారి కుదరదంటారా, ఒకటి రెండు తరగతులతో వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టండి.